ఎలుకలు కొట్టని సంచి

"లేవంటున్న గదా చెల్లె. ఇంట్ల నూకగింజ గూడ లేదు."

"మరి గా మేకుకున్న సంచిల ఏమున్నయక్కా?"

"గవి మావి గావు. దేవుని బియ్యం."

"దేవుడు ఎప్పుడు తింటడు? పొద్దుగాల్నా, మాపటీలా?"

"ఎకసెక్కాలు జేయకు. ఐతారం చర్చిల పోసేటియి గవి. ఇంటోళ్లమే ముట్టం."

"మేం ఎనమండుగురం ఉన్నం. రెండొద్దుల సంది కడుపుల ఏం లేదు. ఆకలైనోనికి పెట్టద్దని మీ దేవుడు చెప్పిండా? చెప్పిండంటే చెప్పు, ఉత్తచేతులతోని పోత."

ఆ పిల్ల భుజాన తుపాకి ఉంది. కానీ నా నోరు మూతపడింది తుపాకిని చూసి కాదు. ఆమె వెనక, గోడవార, బీడీలు చుట్టే తునికాకు కట్టల కింద మా ఇంటి బియ్యం మూట ఉంది. నిండు మూట. ఆమె కాలు ఇంకొక జానెడు వెనక్కి వేస్తే దానికి తగులుతుంది. నేను ఆమె మొహం చూడలేదు. ఆ కాలినే చూస్తున్నాను.

మేకు మీది సంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ముప్పై అయిదేళ్లు పట్టింది. ఇన్నేళ్లూ దీన్ని గుండెల మీద మోస్తూనే వండాను, బీడీలు చుట్టాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. నువ్వెవరో నాకు తెలియదు. నా పేరు నీకు చెప్పను. చదివి నన్ను ఓదార్చాలని చూడకు. ఎవరికో ఒకరికి మొత్తం చెప్పాలి, ఒక్క ముక్క దాచకుండా. అంతే.

నేను మూడో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. తర్వాత నాకు రాత నేర్పింది మా పాస్టరుగారి భార్య. ఆయనను మేము అయ్యగారు అనేవాళ్లం, ఆమెను అమ్మగారు. ఆమె నేర్పిన అక్షరాలతోనే ఆమెకు నేను చేసిన ద్రోహం రాస్తున్నాను.

మా ఊరు చందుర్తి నుంచి లోపలికి పోవాలి. మాది ఊరి బయటి వాడ. మా అత్త గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, పేడ తీసింది, మామ దొర పొలంలో కూలి లేకుండా వెట్టి చేశాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ ఆ గడి వాకిలి ఊడ్చాను. దొర బండి ఎదురైతే పక్కకు జరిగి, తల వంచి, "నీ బాంచెన్ దొరా" అనాలి. నీ బానిసను అని దాని అర్థం. అనకపోతే ఏమవుతుందో మాకు తెలుసు కాబట్టి అనేవాళ్లం. తర్వాత అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చారు. దళాలు తిరగడం మొదలైంది. ఒక రోజు దొర సామాను సర్దుకొని పట్నం పోయాడు. గడికి తాళం పడింది.

అయ్యగారు కోరుట్ల వైపు నుంచి సైకిలు మీద మా వాడకు వచ్చింది ఆ రోజుల్లోనే. సన్నని మనిషి. గొంతు మాత్రం పెద్దది. మేము ఇరవై రెండు ఇళ్లవాళ్లం ఆయన చేత బాప్తిస్మం తీసుకున్నాం. చెరువులో నడుముల్లోతు నీళ్లలో నిలబడి, కుడిచేయి మా వీపు కింద పెట్టి, ఒక్కొక్కరినీ నీళ్లలో ముంచి లేపాడు. ఆ చేయి ఎంత గట్టిగా ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తుంది. లేచాక నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు, పాత మనిషి ఇక్కడే మునిగిపోయింది, ఇప్పుడు లేచింది దేవుని బిడ్డ అని. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అదే నా బాధ.

గడికి తాళం పడి రెండేళ్లయినా మా వాడవాళ్లం దాని ముందుకు రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకొనేవాళ్లం. ఎవరూ విప్పమనలేదు. లోపల గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. కాళ్ల అలవాటు అది. అయ్యగారు అది చూశాడు. ఆ ఆదివారం ప్రసంగమంతా దాని మీదే చెప్పాడు. పాపం కూడా అలాంటి దొరే అన్నాడు. దాని ఏలుబడి సిలువ దగ్గరే పోయింది, మీ మీద దానికి ఇప్పుడు హక్కు లేదు, మీరు దాని జీతగాళ్లు కారు, అయినా అది మిమ్మల్ని పాత పేరుతో పిలుస్తుంది, పిలుపు వినబడుతుంది, లేచి పోవడమా పోకపోవడమా అనేది ఇప్పుడు మీ చేతిలో ఉంది అన్నాడు. ప్రార్థన అయ్యాక మా అందరినీ వరుసగా గడి ముందు నుంచి చెప్పులతో నడిపించాడు. ముసలివాళ్లు ఏడ్చారు. నేను ఏడవలేదు. చెప్పులు అరుగుతాయని నాకు ఒక పక్క బాధగానే ఉంది. కానీ నడిచాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, బాంచెన్ అనే మాట చచ్చేదాకా నా నోట రాదని.

నేను పొదుపు మనిషిని. అందరూ అనేవాళ్లు. నా ఇంట్లో అగ్గిపుల్ల కూడా ఊరికే గీయనివ్వను. అది గొప్పగా చెప్పుకున్నాను చాలా ఏళ్లు. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

పిడికెడు బియ్యం సంగతి నీకు తెలుసో లేదో. మా చర్చి ఆడవాళ్లం రెండు పూటలా వండే ముందు, కడగకముందే, ఒక్క పిడికెడు బియ్యం తీసి విడిగా సంచిలో పోస్తాం. ఆదివారం ఆ సంచి చర్చిలో ఇస్తాం. అయ్యగారి ఇల్లు దాని మీదే నడిచేది. సంచులు అమ్మగారు కుట్టింది. సిరిసిల్లలో తెలిసిన మగ్గం వాళ్లు ఇచ్చిన తెల్లటి గుడ్డ ముక్కలు. ఒక్కో దాని మీద ఎర్ర దారంతో సిలువ. ఇరవై రెండు ఇళ్లకు ఇరవై రెండు సంచులు, అన్నీ ఒక్కలాంటివే.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వస్తాను.

పొద్దుగూకే వేళ. మా ఆయన ఇంకా పొలం నుంచి రాలేదు. ఆ దళం పిల్ల ఒక్కతే వాకిలి దాటి లోపలికి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. ఆమె అడిగినప్పుడు నేను ఇంటి మూట విప్పి రెండు సేర్లు పోయవచ్చు. పోస్తే మాకు తక్కువయ్యేవి, పస్తులు మాత్రం పడేవాళ్లం కాదు. పోయలేదు. దేవుని బియ్యం ఇచ్చాను. ఎందుకంటే అవి ఎలాగూ నావి కావు. ఎప్పటికైనా ఇంట్లోంచి పోయేవే. మూట కట్టుకోవడానికి ఒక గుడ్డ ఇవ్వమంది. దండెం మీద నా తువ్వాల ఉంది. అది ఇస్తే ఇంకొకటి ఎవరిస్తారు అనుకున్నాను. సంచి పోతే అమ్మగారు మళ్లీ కుట్టి ఇస్తుంది. అందుకే సంచితోనే తీసుకుపొమ్మన్నాను. ఆమె, సంచి మళ్లీ తెచ్చిస్తా అక్కా అంది. అవసరం లేదు, ఇటు రావద్దు అన్నాను.

చూశావా, ఇందులో భయం ఎక్కడుంది? పోలీసులు గానీ పెద్దవాళ్లు గానీ అడిగితే తుపాకికి భయపడి ఇచ్చాను అని చెప్పవచ్చు. ఎవరైనా నమ్ముతారు. కానీ నాకు తెలుసు. నేను లెక్క వేసుకొని ఇచ్చాను.

ఆదివారం చేతులు ఊపుకుంటూ చర్చికి పోయాను. అమ్మగారు సంచి ఏదని అడిగింది. ఎలుకలు కొట్టాయి అన్నాను. ఆమె అయ్యో అని, పెట్టెలోంచి కొత్త సంచి తీసి ఇచ్చింది. పాతది చూపించు అనలేదు. ఆ తర్వాత అరగంటకు నేను లేచి సాక్ష్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. బాగా చెప్పావని మాత్రం అందరూ అన్నారు.

ఇరవై రోజులు గడిచాయి.

ఒక ఉదయం రెండు జీపులు వచ్చాయి. ఏ ఠాణావాళ్లో నేను రాయను. మా వాడంతటినీ చర్చి రేకుల షెడ్డు ముందు కూర్చోబెట్టారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. పెద్ద సారు జీపులోంచి ఒక సంచి తీసి పైకి ఎత్తాడు. మట్టి పట్టి, పొగ చూరి ఉంది. ఎర్ర సిలువ మాత్రం కనబడుతోంది. గుట్టల్లో దళం వదిలేసి పోయిన చోట దొరికిందన్నాడు.

ఆ సంచి నన్ను పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది. అడవి ఎక్కడ, నా మేకు ఎక్కడ. అది తిరిగి రాదనుకున్నాను. సారు చేతిలో, అందరి ముందు, పట్టపగలు నిలబడింది.

అందరినీ ఇళ్లకు పంపించి సంచులు తెమ్మన్నాడు. తెచ్చాం. లెక్కపెట్టారు. ఇరవై రెండూ ఉన్నాయి. నాది కొత్తగా తళతళలాడుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. ఉతుక్కున్నాననుకున్నారేమో. నేను శుభ్రమైన మనిషినని పేరు. లసుమవ్వ అనే విధవ మనిషి అందరికంటే ఆలస్యంగా తెచ్చింది. ఆమె తమ్ముడు అంతకు ముందు ఏడాది దళంలోకి పోయాడు. అది వాడందరికీ తెలుసు, పోలీసులకు ఇంకా తెలియదు.

నేను ముందు వరుసలో ఉన్నాను. సారు నా ముందే ఆగాడు. లాఠీతో నా సంచి ఎత్తి చూసి, "ఏమే, ఇది నీదేనా?" అన్నాడు, అడవి సంచిని చూపిస్తూ.

"నీ బాంచెన్ దొరా, నాది గాదు."

ఆ మాట నేను అనలేదు. అలా అనిపించింది. ఎవరో నా నోరు వాడుకున్నారు అనిపించింది. తర్వాత ఆ గొంతు నాదేనని గుర్తుపట్టాను. అబద్ధం ఆడినందుకు కాదు నేను బిత్తరపోయింది. ఆ పాత మాట. దాన్ని చెరువులో ముంచేశాననుకున్నాను. అది లోపలే ఉంది, బతికే ఉంది, నన్ను అడగకుండానే లేచి వచ్చింది. రెండు చేతులూ జోడించి, నడుము వంచి ఉన్నాను. ఎప్పుడు వంగానో నాకే తెలియదు.

పక్కన మగవాళ్లలో అయ్యగారు ఉన్నాడు. విన్నాడు. నా వైపు చూడలేదు. లేచి నిలబడి, సంచులన్నీ మా ఇంట్ల కుట్టినయే సారూ, ఏదైనా అడిగేది ఉంటే నన్ను అడుగుండ్రి, వీళ్లను విడిచిపెట్టుండ్రి అన్నాడు. అంత మామూలుగా అన్నాడు. సారుకు కావలసింది కూడా అదే. దళానికి బియ్యం పంపే పాస్టరు దొరికాడు.

ఆయనను జీపు ఎక్కించేటప్పుడైనా నేను లేవవచ్చు. లేవలేదు. జీపు కదిలాక లేవవచ్చు. లేవలేదు.

తొమ్మిదో రోజు ఆయన తిరిగి వచ్చాడు. కుడిచేయి భుజం దగ్గర నుంచి వేలాడుతోంది. వేళ్లు ముడుచుకుపోయాయి. జగిత్యాలలో కట్లు కట్టించారు, మందులు వాడారు. చేయి మళ్లీ పైకి లేవలేదు. ఆ తర్వాత ఆయన ఎడమచేత్తోనే బాప్తిస్మాలు ఇచ్చాడు, ఇంకొకరి సాయంతో. నా కొడుకుకు అలాగే ఇచ్చాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నాకు నేను వేల సార్లు వేసుకున్నాను, ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పుకున్నాను. మా ఆయనను పట్టుకుపోతారని. పిల్లలు చిన్నవాళ్లని. చెప్పినా అయ్యగారిని వదలరని. ఇవన్నీ నిజమే. కానీ ఆ తొమ్మిది రోజులు గడిచిపోయాక, సర్కారు ఆ ఊసు మరిచిపోయాక, అమ్మగారికి ఒక్కదానికైనా ఎందుకు చెప్పలేదు? అప్పుడు ఠాణా లేదు, జీపు లేదు. అసలు సంగతి ఇది. దళానికి బియ్యం ఇచ్చానంటే ఎవరూ నన్ను తప్పు పట్టరు. వాడలో ఇవ్వని ఇల్లు లేదు. కానీ ఇంట్లో మూట పెట్టుకొని దేవుని బియ్యం ఇచ్చానని చెప్పాలి. తువ్వాల దాచుకొని చర్చి సంచి ఇచ్చానని చెప్పాలి. ఆ సిగ్గు నాకు లాఠీ కంటే పెద్దదైంది. ఒక మనిషి చేయి పోయింది, నేను నా పిసినారితనం బయటపడకుండా కాపాడుకున్నాను. రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ అది అంతే.

ఇంకా ఉంది. ఇక్కడితో ఆపితే బాగుండు.

సంచులన్నీ లెక్కకు ఉన్నాయి కాబట్టి, ఎవరో దొంగచాటుగా ఇంకొక సంచి కుట్టి దళానికి ఇచ్చారని వాడలో అనుకున్నారు. ఎవరు? లసుమవ్వ. తమ్ముడు అటున్నాడు కదా. ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. ప్రార్థనలో చాప మీద ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. ఒకసారి ఆడవాళ్ల కూడికలో ఒకామె నన్నే అడిగింది, నువ్వు తెలిసినదానివి, నువ్వేమనుకుంటున్నావని. దేవునికి తెలుసు అన్నాను. అని, లసుమవ్వ ఇంటి వైపు చూశాను. అంతే చేశాను. చూశాను. నోటితో ఏమీ అనలేదని ఆ తర్వాత ఎన్నోసార్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

లసుమవ్వ ఒక రోజు బోరింగు దగ్గర నన్ను ఆపింది. ఆమె బిందె నిండి పొర్లుతోంది. పట్టించుకోలేదు.

"అక్కా, నువ్వు గూడ నన్నే అనుకుంటున్నవా?"

"నేనేం అనుకుంటలేను."

"నీ ఒక్కదాని నోట ఒక్క మాట వస్తే చాలక్కా. లసుమవ్వ గాదు అను. నువ్వంటే ఇంటరు వీళ్లు."

"నాకేం ఎరుక, నేనెట్లంట."

ఆమె బిందె ఎత్తుకొని పోయింది. ఆ వర్షాకాలం పోకముందే కూతురిని తీసుకొని సిరిసిల్ల పోయింది, అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి. చర్చికి మళ్లీ రాలేదు. ఆరేడేళ్లకు అక్కడే చనిపోయింది. మా వాడ నుంచి ఎవరూ పోలేదు. నేను ఆ రోజు మధ్యాహ్నం బీడీలు చుడుతూనే ఉన్నాను, రోజూ చుట్టే లెక్కకు ఒక్కటి కూడా తగ్గలేదు.

తర్వాత నేను పెద్దదాన్నయ్యాను. చర్చిలో ఆడవాళ్లకు పెద్ద. ఎవరైనా పిల్ల అబద్ధమాడితే నేనే నిలదీసేదాన్ని. మనం కొత్త మనుషులం, పాపానికి మన మీద పెత్తనం లేదు అని చెప్పేదాన్ని, అయ్యగారి మాటలతోనే, గడి కథతోనే. అయ్యగారు జగిత్యాలలో కాలం చేసినప్పుడు సమాధి దగ్గర మాట్లాడింది కూడా నేనే. ఆయన హింస ఓర్చుకున్నాడు అన్నాను. ఎవరి వల్ల అనేది అనలేదు.

మొన్న వేసవిలో నా మనమరాలు బాప్తిస్మానికి సిద్ధపడుతోంది. పదమూడేళ్ల పిల్ల. పాత ఫోటోలు చూస్తూ వాళ్ల నాన్న బాప్తిస్మం ఫోటో తీసింది. బాపమ్మా, ఈ అయ్యగారు ఎడమచేయి ఎందుకు పెట్టిండు, కుడిచేయికి ఏమైంది అని అడిగింది.

సైకిలు మీద నుంచి పడ్డాడు అన్నాను.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఎదురుగా పోలీసు లేడు. చిన్న పిల్ల. మా ఆయన పోయి పదేళ్లయింది, ఎవరినీ ఎవరూ పట్టుకుపోరు. అయినా అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే నేనే అదిరిపడ్డాను. పిల్ల అయ్యో పాపం అని ఫోటో లోపల పెట్టేసింది. నేను అలాగే కూర్చుండిపోయాను. దొర లేని గడిలో ఇన్నేళ్లూ ఎవరికి వెట్టి చేశాను నేను? తలుపుకు తాళం లేదు. నన్ను ఎవరూ పట్టి ఉంచలేదు. నీకు విడుదల వచ్చింది అని నాకు చెప్పిన మనిషి చేయినే విరగనిచ్చి, ఆ విడుదల గురించి అందరికీ పాఠం చెప్పాను. నాకు వచ్చిన విడుదల అబద్ధమా? కాదు. అది అబద్ధమైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అది నిజం కాబట్టే, పాపం పిలిచినప్పుడు నేను పోవలసిన అవసరం లేకపోయినా పోయానని తెలుస్తోంది.

పోయిన వారం జగిత్యాల పోయాను. అమ్మగారు అక్కడ కూతురి ఇంట్లో ఉంటుంది. ఎనభై దాటింది. మధ్యాహ్నం ముందు గదిలో కూర్చొని చేటలో కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి సంతోషపడింది. కూర్చోబెట్టి, ఇంకా గట్టిగనే ఉన్నవు, తినేది ఎవలకు పెడుతున్నవు, నువ్వు తినక అని నవ్వింది. నా పిసినారితనం మీద ఆమె ఎప్పుడూ అలాగే నవ్వేది.

ఆ నవ్వు ఆగకముందే చెప్పేశాను. మొదటి నుంచి. మూట, తువ్వాల, ఎలుకలు, బాంచెన్, లసుమవ్వ ఇంటి వైపు చూసిన చూపు. ఒక్కటి వదలలేదు.

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"ఎలుకలు కొట్టినయన్నవు."

"అన్న."

"సంచి చూపియ్యుమన్ననా నేను?"

"అనలే అమ్మగారూ."

"ఎందుకంట? నీ మీద అనుమానమే రాలే నాకు. పిడికెడంటే పిడికెడు, తప్పకుంట పోసేదానివి. గా సంచి నీకు ఇచ్చిన సంగతే మర్శిపోయిన." చేట ఒళ్లోకి దింపుకుంది. "లసుమవ్వ అనుకున్న చెల్లె నేను. ఇన్నేండ్లు లసుమవ్వనే అనుకున్న. ఆమె సచ్చిపోయిందని కబురొస్తే ఆయన పోదామన్నడు. నేనే పోనియ్యలే. నీ చెయ్యి ఇరగ్గొట్టిచ్చిన దాని సావుకు నువ్వు పోతవా అన్న."

ఇది నాకు తెలియదు. నా అబద్ధం నా దగ్గరే ఉందనుకున్నాను, నేనే దాన్ని మోస్తున్నాననుకున్నాను. అది ఈ ఇంట్లోకి వచ్చి, ఈ మనిషి నోట మాటగా మారి, అయ్యగారిని గడప దాటనివ్వలేదు.

అయ్యగారికి నా సంగతి తెలుసా అని అడిగాను. ఆయన ఎన్నడూ ఎవరి పేరూ ఎత్తలేదంది.

నేను కిందికి జారి ఆమె కాళ్ల మీద పడబోయాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"కాళ్లు పట్టకు. గా పని ఇడిశిపెట్టుమనే ఆయన చెప్పింది."

"క్షమించు అమ్మగారూ."

"క్షమించిన అని నోటితోని అంటే అబద్ధమైతది. ఇద్దరం అబద్ధాలు ఆడుడెందుకు. ఇయ్యాల నాతోని గాదు."

చేట తీసి పక్కన పెట్టి లోపలికి పోయింది. సాయంత్రం ఆమె కూతురు నాకు అన్నం పెట్టింది. అమ్మగారు రాలేదు. బస్సులు అయిపోయాయి కాబట్టి ముందు గదిలోనే పడుకొమ్మన్నారు. నీకు ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోకు. ఆ రాత్రి నేను నిద్రపోయాను. నన్ను ఎవరూ క్షమించలేదు, ఒక్క తప్పూ సరికాలేదు, చనిపోయినవాళ్లు లేచి రాలేదు. అయినా దాచడానికి ఏమీ మిగలలేదు. దాచేది లేకపోతే మనిషికి ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు. అందుకు కూడా సిగ్గుపడ్డాను, నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి అమ్మగారు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో గొడుగు. లసుమవ్వ బిడ్డ ఇల్లు నీకు ఎరుకేనా అని అడిగింది. ఎరుకే అన్నాను. ఎన్నేండ్ల సంది ఎరుక అని అడిగింది. మొదటి సందే అన్నాను.

సిరిసిల్ల బస్సు ఎక్కాం. ఆమె ముందు సీటులో కూర్చొని పక్కన గొడుగు పెట్టుకుంది. నేను వెనక కూర్చున్నాను. దిగాక నేను ముందు నడిచాను, ఆమె వెనక వచ్చింది. లసుమవ్వ బిడ్డ రేకుల షెడ్డులో కండెలు చుట్టే మిషను దగ్గర ఉంది. ఆమెకు కూడా జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. చుట్టూ మరమగ్గాలు నడుస్తున్నాయి. నేను చెప్పాను. చప్పుడుకు ఆమెకు ఏమీ వినబడలేదు, చెవి చూపించింది. గట్టిగా చెప్పాను. పక్క మగ్గం మీది మనిషి తిరిగి చూశాడు. ఆమె నా మొహం వైపు చూసింది, అమ్మగారి వైపు చూసింది, మిషను ఆపి మమ్మల్ని బయటి సందులోకి తీసుకుపోయింది. మొదటి నుంచి చెప్పమంది.

చెప్పాను.